నేను నడిపితేనే ఆగే కారు

పాత డబ్బా ఇంకా కారులోనే ఉంది. దాన్ని విప్పకుండా మెకానిక్ ఎంజోను ఆపింది నేనే. కాసేపు ఆగండి, మా ఆయన వస్తున్నాడు, ఇంజను ఆగిపోవడం ఆయన తన కళ్లతో చూడాలి అని చెప్పాను, వస్తున్నాడు అన్న మాట ఎంత ధీమాగా అన్నానో, నిజానికి వస్తాడో రాడో నాకే తెలియదు, బుధవారం పంపిన మెసేజ్ పక్కన రెండు నీలం గీతలు తప్ప జవాబు లేదు. శనివారం పొద్దున గ్యారేజీకి రా, ఇంజను కంప్యూటర్ పాడైంది, మారుస్తున్నారు, రెండో తాళం నీ దగ్గరుంది, కొత్తది బిగించేటప్పుడు ఇక్కడున్న తాళాలనే అది గుర్తుపెట్టుకుంటుందట, ఇక్కడ లేని తాళంతో ఇక కారు స్టార్ట్ కాదట, అని రాశాను. తిన్నావా అని అడగలేదు, ఎలా ఉన్నావని అడగలేదు. చదివాడు. ప్రణీత్ ఇప్పుడుంటున్న ఏజాక్స్‌లో స్నేహితుల బేస్‌మెంట్‌లో పరుపు మీద పడుకుని చదివాడో, పనిచేసే గోడౌన్‌లో పెట్టెల మధ్య నిలబడి చదివాడో. సరే అని రెండక్షరాలు కొట్టడానికి వేళ్లు రాలేదు కాబోలు. ఎంజో గోడ గడియారం చూసి, పదకొండున్నర వరకు ఆగుతానమ్మా, ఆపైన కుదరదు, ప్రోగ్రామింగ్ చేసే మనిషికి మధ్యాహ్నం పక్క ఊరు కిచెనర్‌లో ఇంకో పనుంది అని చెప్పి, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు.

అద్దం అవతల మా కారు బానెట్ ఎత్తుకుని నిలబడి ఉంది, పన్ను పీకించుకోవడానికి నోరు తెరుచుకుని కూర్చున్న మనిషిలాగా. బయట ఆకాశం పసుపు కలిపిన బూడిద రంగులో ఉంది, ఈ కెనడాలోనే క్యుబెక్ వైపు ఎక్కడో అడవులు తగలబడుతున్నాయట, ఆ పొగ మా ఊరు గ్వెల్ఫ్ దాకా వచ్చి కూర్చుంది, గ్యారేజీలో ఆయిలు వాసన, బయట కట్టెల పొయ్యి వాసన, ముక్కుకు రెండూ ఒకటే అయిపోయాయి. గోడ మీద ఎంజో వాళ్ల ఇటలీ ఊరి క్యాలెండరు, కొండ మీద ఇళ్లు. ఈసీఎం అనే ఈ ఇంజను కంప్యూటర్ అంటే ఏమిటో బుధవారం దాకా నాకు తెలియదు. ఇంజనుకు ఎప్పుడు ఎంత పెట్రోలు అందాలో, ఎప్పుడు నిప్పురవ్వ పుట్టాలో చెప్పే పెద్దమనిషట, చూస్తే మూతపెట్టిన అల్యూమినియం టిఫిను డబ్బా అంత ఉంది. బుధవారం ఎంజో ఇంజను స్టార్ట్ చేసి, వేడిగాలి ఊదే మిషను పట్టుకొచ్చి, దాని మూతి డబ్బా వైపు తిప్పి పట్టుకున్నాడు. ఏమీ కాలేదు. ఏమీ కాలేదు. ఈయన కూడా ఇక చాలమ్మా కారు బాగానే ఉంది అంటాడనుకున్నాను. అంతలో గుర్రుమంటున్న ఇంజను గొంతు నొక్కేసినట్టు ఠక్కున ఆగిపోయింది. అదిగో నీ దెయ్యం అన్నాడు ఎంజో. నేను ఏడ్చాను. ఏడుస్తూ నవ్వాను. మళ్లీ చేయండి అన్నాను. చల్లారనిచ్చి మళ్లీ చేశాడు, మళ్లీ ఆగింది. ఇంకోసారి అన్నాను. ఆయన నా వైపు వింతగా చూశాడు గానీ కాదనలేదు, మూడోసారీ ఆగింది. వేడెక్కితే లోపల ఎక్కడో టంకం విడిపోతుందట, చల్లారితే మళ్లీ అతుక్కుంటుందట. అందుకే ఎవరైనా చూడటానికి వచ్చేసరికి ఏమీ ఎరగనట్టు ఉంటుంది.

నా కడుపునొప్పి కూడా అంతే. హుజూరాబాద్‌లో ఆరో తరగతిలో పొద్దున బడికి బయల్దేరే వేళకు కుడిపక్కన మెలిపెట్టేది, అమ్మా నొప్పి అంటే, లెక్కల పరీక్ష ఉందా ఇయాళ అనేది అమ్మ. ఆర్‌ఎంపీ డాక్టరు బల్ల మీద పడుకోబెట్టి పొట్ట నొక్కేసరికి ఎటు పోయేదో నొప్పి, నొక్కితే చక్కిలిగింత, నవ్వేదాన్ని, డాక్టరు కూడా నవ్వేవాడు, అందరూ కలిసి నవ్వుకుంటూ ఇంటికొచ్చేవాళ్లం. నవ్వినందుకు నా మీద నాకే అనుమానం వచ్చేది, నిజంగా నొప్పి వచ్చిందా, లేక నేనే తెచ్చుకున్నానా. నొప్పి కన్నా అది పెద్ద బాధ. చివరికి అపెండిక్స్ పగిలాక అందరూ నమ్మారు. అమ్మ ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని నెత్తి కొట్టుకుంటూ ఏడ్చింది, నమ్మకపోతిని బిడ్డా అని. నాకు ఆ ఏడుపు చూసి జాలి వేయలేదు, తృప్తి కలిగింది. పదకొండేళ్ల పిల్లకు అంత తృప్తి ఉండకూడదేమో. కానీ ఉంది. ఇప్పుడు కూడా, ఈ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ప్రణీత్ వచ్చి ఆ ఇంజను చచ్చిపోవడం చూసి తెల్లబోయే మొహం కోసమే కాచుకుని ఉన్నాను. తాళం ఒక వంక. నిజానికి తాళం లేకపోయినా కొత్తది చేయించుకోవచ్చునని ఎంజో చెప్పాడు, ఆ సంగతి మెసేజ్‌లో రాయలేదు.

కారు నా పేరునే కొన్నాం, లైసెన్స్ ముందు నాకే వచ్చింది కాబట్టి. ఆ రోజు నలుగురు స్నేహితులు వచ్చారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం, మేముండే బేస్‌మెంట్ ఓనరు కిటికీలోంచి తొంగి చూసి ఇదేం ఆట అని అడిగితే ప్రణీత్ ఆయనకు ఓపిగ్గా చెప్పాడు. అత్తమ్మ జమ్మికుంట నుంచి వీడియోలో హారతి ఎట్లా తిప్పాలో చెప్పింది. ఎండకాలం చివర అది మొదటిసారి ఆగింది, సూపర్ మార్కెట్ దగ్గర, నేను సామాను పెట్టుకుని స్టార్ట్ చేసి రోడ్డెక్కగానే. తర్వాత కాలేజీ గేటు ముందు. తర్వాత హాన్లన్ రోడ్డు మీద సిగ్నల్ దగ్గర, వెనకాల బారెడు హారన్లు. ప్రణీత్ నడిపితే ఒక్కసారీ ఆగేది కాదు. ఇప్పుడు తెలుస్తోంది ఎందుకో. అతనిది చీకటితో లేచి మిసిసాగాలో పనికి ఒకే పోక, చల్లటి గాలి తగులుతూ ఉండేది. అతను తిరిగొచ్చాక నాది, కాలేజీకి, అక్కడి నుంచి ఫ్యాక్టరీకి, మధ్యలో కూరగాయలకు, ఆపడం, మళ్లీ పోవడం, ఆపిన కాసేపట్లో ఇంజను వేడంతా పైకి తన్ని ఆ డబ్బాను మాడ్చేది. కానీ అప్పుడు ఎవరికి తెలుసు. నువ్వు నడిపితేనే ఎందుకాగుతది వర్షా అని మొదట నవ్వుతూ అడిగాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు అని ఇంకోసారి అన్నాడు, అది కూడా నవ్వుతూనే. స్నేహితులు కూడా నవ్వారు. నేనూ నవ్వాను, అలవాటే కదా.

అత్తమ్మ మాత్రం నవ్వలేదు. సరోజనమ్మ నవ్వులాటకు తీసుకునే మనిషి కాదు. బిడ్డా, గా కారు నీకు అచ్చిరాలె, అని చెప్పింది, ఎంతో ప్రేమగా, నా జాతకం చూపించి మరీ, ఇనుము నీకు పడదట, పోరని పేరు మీద పెట్టుండ్రి, ఏం పోయింది, ఇద్దరిదేనాయె. ఆమెను తిట్టుకోవాలనిపించి కూడా తిట్టుకోలేను. మామయ్య కొమరయ్య కొన్న మొదటి ట్రాక్టరు వారం తిరగకుండా కాలువలో పడింది, ఆయన కాలు విరిగింది, దాన్ని అమ్మేసి తమ్ముడి పేరున ఇంకోటి కొంటే అది బంగారం పండించిందట. ఆ రోజు నుంచి ఇంటికి ఏ బండి వచ్చినా ఆమె ముందు అడిగేది ఎవరికి అచ్చొస్తుందనే. సైకిలుకు కూడా చూశారు. భయం అట్లా నేర్పింది ఆమెకు. ఆమె నమ్మింది, ఆమె సంగతి వేరు. బీటెక్ చదివిన కొడుకు, పెట్టి చూద్దాం వర్షా, అమ్మ మనసుకు సమాధానంగ ఉంటది, ఏం పోయింది అన్నాడు. ఇద్దరూ ఏం పోయింది అన్నవాళ్లే. నేను సంతకం పెట్టాను. రిజిస్ట్రేషన్ కౌంటరు దగ్గర అమ్మాయి కారు అమ్ముతున్నారా అని అడిగితే, లేదు, మా ఆయనకు ఇస్తున్నాను అన్నాను, ఆమె ఎంత మంచి కానుక అంది.

ఆ తర్వాత చలికాలమంతా కారు ఆగనే లేదు. మంచులో గడ్డకట్టి, పొద్దున్నే మూలుగుతూ లేచి, ఎంత బుద్ధిగా నడిచిందో. నేను నడిపినా ఆగలేదు. కాకి వాలింది, తాటిపండు రాలింది, ఇక కాకి గొప్పతనానికి తిరుగేముంది. అత్తమ్మ కొండగట్టు అంజన్నకు మొక్కు తీర్చి ఫోటో పెట్టింది. నేను కూడా నమ్మానా? ఈ మాట ఎవరికీ చెప్పలేదు గానీ, నమ్మాను. ఫ్యాక్టరీలో నేను చేసేది పార్టులు తనిఖీ చేసే పనే, బ్రేకులకు వెళ్లే చిన్న ముక్కలు, వంద మంచిగా ఉండి ఒకటి తేడా చేస్తే దాని కారణం దొరికేదాకా మా సూపర్‌వైజరు నిద్రపోడు, ఆ ముక్క ఏ నక్షత్రంలో పుట్టిందని ఇంతవరకు ఎవరూ అడగలేదు. ఆ పనికి ఆ కారులోనే వెళ్లేదాన్ని, దారిలో స్టీరింగును తల్లీ ఆగకే అని బతిమాలుకుంటూ వెళ్లేదాన్ని, అక్కడ దిగి కళ్లద్దాలు పెట్టుకుని ముక్కల్లో పగుళ్లు వెతికేదాన్ని. ఒకే తలకాయలో ఇద్దరు కాపురం ఉండేవాళ్లు, ఒకరినొకరు పలకరించుకోకుండా.

ఒక కారు లోపలికి వచ్చింది, అద్దంలోంచి తల ఎత్తి చూశాను, కాదు, ఎవరో ముసలామె టైర్లకు గాలి కోసం. నా చెయ్యి దానంతటదే జుట్టు సర్దుకుంది. ఛీ. ఎవరికోసం సర్దుకోవడం. బస్సులో వస్తాడా, రైలులో వస్తాడా, స్నేహితుడెవరైనా దింపుతారా. ఏజాక్స్ నుంచి ఇక్కడికి రెండు మూడు బస్సులు మారాలి, శనివారం అవి ఎప్పుడొస్తాయో వాటికే తెలియదు. రాకపోతే ఏమనుకోవాలి? డ్యూటీ దొరికి ఉంటుందని అనుకోవచ్చు. లేదా, నీ కారు, నీ తాళం, నీ ఇష్టం అని అనుకున్నాడని అనుకోవచ్చు. కాగితం మీద కారు అతనిదే, ఎంత విచిత్రం. వదిలేసి వెళ్లేటప్పుడు తాళం మాత్రం జేబులో వేసుకునే వెళ్లాడు. నేను ఎన్నిసార్లు ఆలోచించానో దాని గురించి, మరిచిపోయి వేసుకున్నాడా, మళ్లీ వస్తానని వేసుకున్నాడా. ఇంటి తాళం వంటింటి గట్టు మీద పెట్టి, కారు తాళం పట్టుకెళ్లిన మనిషి మనసులో ఏముంటుంది?

మే నెలలో ఎండ వచ్చింది, దాంతోపాటు ఆగడమూ వచ్చింది. ఆ రోజు కాలేజీ నుంచి పక్క ఊరు కేంబ్రిడ్జికి పోయి సామాను తీసుకుని 401 హైవే మీదికి ఎక్కుతున్నాను, ర్యాంపు మలుపు దిగి, వేగం పెంచి, ఎడమ అద్దంలో లారీ కనిపిస్తోంది, నాకు ముందు చోటుంది, యాక్సిలరేటర్ తొక్కాను, కారులో ఏమీ లేదు, ప్రాణం లేదు, డాష్‌బోర్డ్ మీద దీపాలన్నీ దీపావళిలాగా వెలిగాయి, స్టీరింగు రాయి అయిపోయింది. లారీ హారను ఇప్పటికీ నిద్రలో వినిపిస్తుంది. ఎట్లా పక్కకు లాగానో నాకు తెలియదు. రోడ్డు వారన ఆగి ప్రణీత్‌కు ఫోన్ చేశాను. నేను చచ్చిపోయేదాన్ని అని చెప్పాలని చేశాను. కారు ఆగింది అని మాత్రమే వచ్చింది నోట్లోంచి. కంగారుల న్యూట్రల్‌కు తోసుంటవ్ చూడు, అన్నాడు. చల్లారాక స్టార్ట్ అయింది, చిన్న రోడ్ల మీద పాక్కుంటూ ఇల్లు చేరాను. అతను మెట్లెక్కి బయటికి వచ్చి, చెయ్యి చాచి తాళం తీసుకున్నాడు, ఇంకా వేడి కక్కుతున్న కారును, నేను చూస్తనుండు అని తీసుకుని వెళ్లాడు. చాలాసేపటికి వచ్చాడు. అప్పటికి అత్తమ్మ ఫోన్‌లో ఉంది, నేను ఏడుస్తున్నాను, ఆమె ఊకో బిడ్డా ఊకో, అచ్చిరాని బండి అంతే అంటోంది. అతను తలుపు దగ్గర నిలబడి మా ఇద్దరినీ చూసి, బంగారంలెక్క నడుస్తంది, ఏం కాలే, అన్నాడు.

నేను అబద్ధం చెప్తున్ననా అని అడిగాను. అబద్ధం అనలే, నీకట్ల అనిపించిందేమో అంటున్న, అన్నాడు. అనిపించిందేమో. ఆ మాట ఇప్పటికీ గొంతులో ముల్లు. అబద్ధం అంటే కనీసం దెబ్బలాడవచ్చు, అనిపించిందేమో అంటే ఎవరితో దెబ్బలాడాలి, నాతో నేనేనా? ఆ రాత్రి ఒకే మంచం మీద ఇద్దరం రెండు దిక్కులు చూస్తూ పడుకున్నాం. తర్వాత వారమే అతనికి ఏజాక్స్‌లో పని దొరికింది, దొరికిందో వెతుక్కున్నాడో. ఇంత దూరం రోజూ ఎట్ల తిరుగుత అన్నాడు. నిజమే, ఎట్లా తిరుగుతాడు. కానీ వారాంతాలు ఉన్నాయి కదా, ఒక్క వారాంతం కూడా రాలేదు. ఫోన్ చేస్తే మాట్లాడేవాడు, వంటేం చేశావు, అసైన్‌మెంట్ అయిపోయిందా అని అన్నీ అడిగేవాడు, కారు సంగతి ఒక్కటి అడిగేవాడు కాదు.

అతన్ని చెడ్డవాడని అనుకోవడానికి ఎంత ప్రయత్నించినా సగం దూరం పోయి తిరిగి వస్తాను. మంచు పడిన పొద్దున నేను లేచేసరికి నా వైపు కిటికీ అద్దం గీకి పెట్టేవాడు, తన వైపు అట్లాగే వదిలేసి. హైదరాబాద్‌లో సైట్ ఇంజనీరు, కింద ఎంతో మంది మేస్త్రీలు, సార్ సార్ అని తిరిగేవాళ్లు. నా చదువు కోసం అంతా వదిలి వచ్చాడు, ఇక్కడ అతని వర్క్ పర్మిట్ నా స్టడీ పర్మిట్‌కు తోకలాగా వేలాడుతుంది, ఏ ఆఫీసుకు పోయినా ముందు నా పేరు అడుగుతారు, బ్యాంకులో కౌంటరు మనిషి నాతోనే మాట్లాడుతుంది, అతను పక్కన నిలబడి బల్ల మీద పెన్నును తిప్పుతూ ఉండేవాడు. కారు నడపడం ఒక్కటే ఇక్కడ అతనికి నా కన్నా బాగా వచ్చిన పని. కరీంనగర్ రోడ్ల మీద లారీల మధ్య నేర్చుకున్న చెయ్యి. అది నాకు అప్పుడు అర్థం కాలేదా? అయింది. అయినా నేను చచ్చిపోబోయిన రోజు నా వైపు నిలబడలేదు కదా. జాలి ఒక పక్క, కోపం ఒక పక్క, ఏది పట్టుకున్నా రెండోది జారిపోదు.

పదకొండున్నరకు ఎంజో వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. గడియారం వైపు చూడలేదు, నా వైపు చూశాడు. ఇప్పుడు విప్పేస్తే ఈ కారు ఇక ఎప్పటికీ ఆగదు. మంచిదే కదా. కానీ ఆగకపోతే, ఇది ఆగేదని ఎవరు నమ్ముతారు? రేపు ప్రణీత్ వచ్చి ఎక్కి పోతే బంగారంలాగే నడుస్తుంది, అత్తమ్మ ఇంకో మొక్కు చెల్లిస్తుంది, నేను జీవితాంతం ఇనుము అచ్చిరాని ఆడదాన్నవుతాను. ఇంకో వారం ఆగమందామా, ఈ ప్రోగ్రామింగ్ మనిషిని మళ్లీ పిలిపించమందామా. ఇంకో వారం ఈ కారులోనే 401 ఎక్కుదామా, సాక్ష్యం పాడవకుండా. అప్పుడు తట్టింది నాకు, అపెండిక్స్ పగిలేదాకా కాచుకున్నది ఆ రోజు తెలియక. ఇప్పుడు తెలిసి కూడా అదే చేస్తున్నాను. ఎవరో నమ్మడం కోసం రోగాన్ని దాచి పెట్టుకుని కూర్చున్నాను. తీసేయండి అన్నాను. గట్టిగానే అన్నాను. ఎంజో తల ఊపి వెళ్లాడు, బోల్టులు తిప్పే చప్పుడు వినిపించింది.

పాత డబ్బా బల్ల మీదికి వచ్చి, ప్రోగ్రామింగ్ మనిషి కొత్తదానికి లాప్‌టాప్ తగిలించి కూర్చున్నాక వచ్చాడు ప్రణీత్. పొగలోంచి నడుచుకుంటూ వచ్చాడు, బస్సు దిగి అంత దూరం నడిచినట్టున్నాడు, చొక్కా వీపుకు అతుక్కుపోయింది, చిక్కిపోయాడు, గడ్డం పెరిగింది. పిడికిలిలో తాళం పట్టుకునే ఉన్నాడు. ఎంజో ఉత్సాహంగా, అరరే, కాస్త ముందు రావలసింది, మీ ఆవిడ ఎంత ఆపిందో, ఇంజను ఎట్లా చస్తుందో చూపించేవాణ్ణి అన్నాడు. ఆ డబ్బా చేతికిచ్చాడు. ప్రణీత్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు, పైకి ఏముంటుంది కనపడటానికి, అల్యూమినియం. నమ్ముతావా లేదా అని అడగకూడదని పళ్లు బిగపట్టుకుని కూర్చున్నాను. అతను డబ్బాను బల్ల మీద పెట్టి, నా పక్క కుర్చీలో కూర్చుని, నేల వైపు చూస్తూ అన్నాడు.

"నాక్కూడ ఆగింది."

"ఎప్పుడు?"

"ఆ రోజే. నీ చేతిల తాళం తీస్కపోయిన గదా. స్టోన్ రోడ్ దాటంగనే ఆగింది. ఎంతసేపు తిప్పినా స్టార్ట్ కాలే. రోడ్డు పక్కన కూసున్న చల్లారేదాంక."

ఆ రోజు అంతసేపటికి తిరిగి వచ్చింది అందుకా. తలుపు దగ్గర నిలబడి బంగారంలెక్క నడుస్తంది అన్నది ఆగిన కారు దిగి వచ్చి అన్న మాటా? దొంగకు తేలు కుట్టినట్టు ఇన్నాళ్లూ నోరు మూసుకుని, నేను నా తలకాయను నేనే తవ్వుకుంటుంటే చూస్తూ ఉన్నాడు. కొట్టాలనిపించింది. నిజంగా చెయ్యి లేచింది, చున్నీ కొస పట్టుకుని దించుకున్నాను. సాక్ష్యం కోసం నేను ఎంజోను బతిమాలాను, వేడిగాలి మిషను నమ్ముకున్నాను, సాక్షి ఏజాక్స్‌లో పెట్టెలు మోస్తూ ఉన్నాడు.

"ఎందుకు చెప్పలే ప్రణీత్?"

"చెప్దామనే వచ్చిన. తలుపు తీసేసరికి అమ్మ వీడియోల ఉండె. నువ్వు ఏడుస్తున్నవ్. అన్ని రోజులు నేనే నవ్విన గదా నిన్ను చూసి. నోట్లకెల్లి అదే మాట వచ్చింది. ఒకసారి అన్నంక మళ్ల ఎట్ల తీసుకోవాల్నో తెల్వలే. గందుకే పోయిన. నీ మొహం చూడలేక పోయిన."

"లారీ గుద్దితే?"

మొహం మీద రెండు చేతులూ పెట్టుకున్నాడు. నా కోపం తగ్గలేదు, తగ్గుతుందని ఎదురుచూశాను, తగ్గలేదు. కానీ ఇంకొకటి కూడా జరిగింది, దాన్ని ఏమనాలో తెలియదు. ఇంజను చావడం చూసి నమ్మిన మొహం కాదు ఇది. చూడటానికి ఏమీ మిగలకుండా పోయాక, చెప్పకుండా దాటేయడానికి దారి తెరిచే ఉన్నా, వచ్చి చెప్పాడు. మూడు బస్సులు మారి చెప్పడానికే వచ్చాడు.

ప్రోగ్రామింగ్ మనిషి లోపలి నుంచి కేకేశాడు, తాళాలు ఇవ్వండి, ఒకటా రెండా అని. ప్రణీత్ పిడికిలి తెరిచాడు, తాళం నా వైపు చాచాడు, చెమటతో మెరుస్తోంది. కాగితం మీద ఓనరు అతనే, ఎంజోకు ఆ సంగతి తెలుసు, అయినా ఇద్దరూ నా వైపే చూశారు. ఒకటే, అన్నాను, నాది. ప్రణీత్ కాసేపు చెయ్యి అట్లాగే చాచి ఉంచి, తర్వాత మూసుకున్నాడు. అప్పుడు అట్లా అనాలనిపించింది, అంతే. లోపల లాప్‌టాప్ కూతలు పెట్టింది, నా తాళం తిప్పారు, తీశారు, మళ్లీ తిప్పారు, ఇంజను ఒక్కసారి గర్రుమని మెత్తబడింది, కొత్త మెదడుకు కొత్త జ్ఞాపకం. ఎంజో కారును బయటికి తెచ్చి ఆపేసి, తాళం నా చేతిలో పెట్టి, ఇక హాయిగా పో అన్నాడు.

పొగ ఎండలో ఇద్దరం కారుకు అటూ ఇటూ నిలబడ్డాం. నేను బస్సుకు పోత తియ్యి, అన్నాడు. ఎక్కు, అన్నాను. ఎక్కాడు, నా పక్క సీట్లో, ఎప్పుడూ కూర్చోని సీట్లో, మోకాళ్లు డాష్‌బోర్డ్‌కు తగులుతుంటే సీటు వెనక్కి జరుపుకోవడం కూడా మరిచిపోయి. పనికిరాని తాళం ఇంకా చేతిలోనే ఉంది. ఎటు పోతున్నం అని అడిగాడు. ముందు అత్తమ్మకు ఫోన్ చెయ్యి, అన్నాను. అక్కడ రాత్రి అన్నాలు తిని టీవీ ముందు కూర్చునే వేళ. అతను నా వైపు చూశాడు, తప్పదా అన్నట్టు. నేను ముందుకు చూస్తూ కూర్చున్నాను. స్పీకర్‌లో పెట్టాడు, ఫోన్ మోగింది, ఆమె ఎత్తింది, బిడ్డా తిన్నవా అంది. తిన్న అమ్మా, నువ్వు తిన్నవా, అన్నాడు, తర్వాత చేతిలోని తాళాన్ని అటూ ఇటూ తిప్పాడు, ఆమె హలో హలో అంటూనే ఉంది.

"అమ్మా, కారు బాగు చేపించింది వర్ష. లోపల పార్టు పోయిందట. నాక్కూడ ఆగింది, నీకు చెప్పలే."

"అయ్యో, నీక్కూడ అచ్చిరాలేదా బిడ్డా! గట్లయితే అమ్మెయ్యుండ్రి!"

నాకు నవ్వొచ్చింది, పెదాలు కొరుక్కున్నాను, అతని మొహంలో కూడా ఏదో కదిలి ఆగిపోయింది. ఎండ లోపలికి కొడుతోంది, అద్దాలన్నీ మూసి ఉన్నాయి, చెమటలు పోస్తున్నాయి, స్టార్ట్ చేస్తే ఏసీ వస్తుంది, తాళం పెట్టాను కూడా.

"అచ్చుడు గిచ్చుడు కాదమ్మా. విను. వర్ష మొదటి నుంచి చెప్పింది నిజమే. అబద్ధం చెప్పింది నేను."

ఇంజను చప్పుడులో ఆ మాట అత్తమ్మకు సరిగ్గా వినపడదేమోనని, అతను అంతా చెప్పడం అయ్యేదాకా తాళం తిప్పకుండా కూర్చున్నాను.